వంగినవాళ్ళ రైలు

నేను చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధం ఉన్నా నా పళ్ళన్నీ రాలిపోవాలి. రాలడానికి ఇంకెన్ని మిగిలాయని నవ్వుతున్నావు కదూ మధుమితా? మిగిలిన ఆ కాసిన్నీ నాకు ముద్దే. వాటి మీద ఒట్టు పెట్టానంటే ఎంత నిజమో నువ్వే చూసుకో. ఆ కుర్చీ ఇలా లాక్కో. నిన్ననే కదా కింద బేస్‌మెంట్‌లో దిగావు, నీకు ముందు ఆ గదిలో ఉన్న కుర్రాడి సంగతి నీకు తెలియాలి. వేరేవాళ్ళయితే గోరంతను కొండంత చేసి చెబుతారు. నేను ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

మా ఆయన సీతారామారావు గారు ఈ ఇల్లు కొన్నప్పుడు వాంకూవర్‌లో తెలుగు మాట కోసం చెవులు కోసుకునేవాళ్ళం. వెనక సందు, సందు చివర రేవుకి పోయే గూడ్సు పట్టాలు, పట్టాలు దాటితే బస్‌స్టాపు. ఇంతే మా ప్రపంచం. తరవాత ఒక ఏడాది మీ స్టూడెంట్లు వచ్చిపడ్డారు చూడు, తొలకరికి కప్పలు వచ్చినట్టు! బస్సెక్కితే డ్రైవరు తప్ప అందరూ మనవాళ్ళే. ఒక్కో బేస్‌మెంట్‌లో నలభైమంది, నిద్ర కూడా షిఫ్టుల్లోనే. నేను మాత్రం ఒక్కడికే ఇచ్చాను. గోపీకృష్ణ, జగిత్యాల పిల్లాడు.

వాణ్ణి కన్సల్టెన్సీ వాడు పెద్ద కాలేజీ అని చెప్పి పంపాడు. తీరా వచ్చి చూస్తే, మసాజ్ సెంటర్ పైన రెండు గదులు, ఒక వాటర్ కూలరు. క్లాసులు వారానికి రెండు రోజులు. మిగిలిన రోజులు జపానువాళ్ళ సుషీ రెస్టారెంట్‌లో గిన్నెలు కడిగేవాడు, వచ్చినవాళ్ళకి తలుపు దగ్గర వంగి దండం పెట్టేవాడు. ఎంత బాగా వంగేవాడనుకున్నావు! నడుములో మడతబందు ఉన్నట్టే. ఆ వంగడం వాడికి ఒంటికి పట్టేసింది. యూనిఫాం కనబడితే చాలు, సార్ అని వంగిపోయేవాడు. వీసా భయం మరి. ఒకసారి పిజ్జా తెచ్చిన కుర్రాడికి కూడా వంగాడు.

"వాడికెందుకురా వంగావు?" అంటే,

"టోపీ పెట్టుకున్నడు బామ్మా, ఎందుకైనా మంచిదని" అన్నాడు.

నేను పడీపడీ నవ్వాను. ఇప్పుడయితే నవ్వను.

నవంబరు నెల. ఇక్కడ నవంబరులో సూర్యుడు మధ్యాహ్నం టీ తాగడానికి వచ్చినట్టు వచ్చి, కప్పు కింద పెట్టకుండానే వెళ్ళిపోతాడు. నాలుగు దాటితే చీకటే. దానికి తోడు సముద్రం మీంచి పొగమంచు. మామూలు పొగమంచు కాదు, గరిటెతో తీసి గిన్నెలో వేసుకోవచ్చు. అందులో ఎక్కడో ఓడలు గేదెల్లా అరుస్తుంటాయి. పట్టాల కింద స్లీపరు దుంగలకి పూసిన తారు వాసన వంటింట్లోకి వచ్చేస్తుంది.

అలాంటి ఒక సాయంత్రం గోపీ పని నుంచి వచ్చి, "బామ్మా, సందు చివర కొత్త సెక్యూరిటీ గార్డుని పెట్టిన్రా?" అని అడిగాడు.

"పట్టాలకి గార్డు ఎందుకురా, ఎత్తుకుపోతారనా?"

"ఏమో. దాటే కాడ నిలబడి ఉన్నడు. అచ్చం ఎయిర్‌పోర్టుల నా పాస్‌పోర్టు చూసినాయన లెక్కనే ఉన్నడు. గుడ్ ఈవెనింగ్ సార్ అన్న. ఏం మాట్లాడలే."

సరేలే అనుకున్నాను. మర్నాడు సాయంత్రం వాడు వచ్చేసరికి ఎడమ బుగ్గ బూరెలా పొంగి ఉంది. దాని మీద అయిదు వేళ్ళు. నా అరచేతికి రెండింతలు ఉన్నాయి ఆ వేళ్ళు.

"ఎవరు కొట్టార్రా?"

"ఆయననే. అమ్మతోటి ఫోన్ల మాట్లాడుకుంట పోతున్న బామ్మా. చూస్కోలే. ఆగలే. ఫట్‌మని..."

"పోలీసుకి ఫోన్ చేస్తా, ఉండు!"

"వద్దు బామ్మా, వద్దు! కేసు అయితే నా వీసా స్టేటస్ పోతది. నేను వెంటనే వంగిన. రెస్టారెంట్ల వంగినట్టు, పూర్తిగ. అంతే, ఆయన సల్లబడ్డడు. దగ్గరికొచ్చి నా వీపు మీద చెయ్యేసి, సంతల ఎద్దును చూసినట్టు నొక్కి నొక్కి చూసిండు. తర్వాత..." వాడి మొహం వెలిగిపోయింది. "పని ఉందన్నడు బామ్మా! రైలు లైను పని. తిండి, ఉండుడు ఫ్రీ. ఎల్ఎంఐఏ అని పనికి పర్మిషను కాయితం ఇప్పిస్తరట. ఈడనే ఉండిపోవచ్చు, పీఆర్ గ్యారంటీ. శుక్రవారం సాయంత్రం రమ్మన్నడు. అందరికీ ముందు సినిమా చూపిస్తరట."

నా చేతిలో గరిటె పప్పులో పడిపోయింది.

"ఏ భాషలో చెప్పాడురా?"

"తెలుగులనే... కాదు. ఆయన నోరు కదల్లేదు బామ్మా. కానీ నాకు సమజైంది."

ఎందుకు గరిటె పడిందో చెబుతాను విను. నేను పుట్టింది మలయాలో, అదే ఇప్పటి మలేషియా, కొబ్బరి ఎస్టేటులో. మా తాతలు విశాఖ వైపు నుంచి కూలికి వెళ్ళినవాళ్ళు. నాకు అయిదారేళ్ళప్పుడు జపాను సైన్యం వచ్చి దేశమంతా ఆక్రమించుకుంది. ఎస్టేటు వంతెన దగ్గర కాపలాకి ఒక సిపాయిని, సెంట్రీని, నిలబెట్టారు. అటు వెళ్ళాలన్నా, ఇటు రావాలన్నా వాడి ముందు ఆగి నడుం దాకా వంగాలి. వంగకపోతే చెంపదెబ్బ. సరిగ్గా వంగకపోతే ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టేవాడు. మా అమ్మ నా మెడ పట్టుకుని కిందికి నొక్కేది. ఇంత పొడుగుండేవాడు ఆ సెంట్రీ, కొబ్బరిచెట్టు మీది కాయ నేల మీద నిలబడే కోసుకునేవాడు. వాడి మొహం మండ!

మా నాన్న వీరరాఘవులు వంగడంలో ఎస్టేటుకే మొనగాడు. ఊరికే దెబ్బలెందుకని, బాగా వంగేవాడు. బాగా వంగినవాళ్ళ నడుములే వాళ్ళు ఏరుకునేవాళ్ళని ఎవరికి తెలుసు? ఒకరోజు ఊరికే సినిమా వేస్తున్నాం రమ్మన్నారు. షెడ్డులో తెర కట్టారు. మగాళ్ళందరూ తలకి కొబ్బరినూనె రాసుకుని మరీ వెళ్ళారు. లోపలికి వెళ్ళాక తలుపులు మూశారు. షెడ్డు అవతలి వైపు రైలు ఆగి ఉంది. సయాం అడవిలో, అదే ఇప్పటి థాయిలాండ్‌లో, పట్టాలు వెయ్యడానికి అట్నుంచి అటే తీసుకుపోయారు. మా నాన్న మళ్ళీ రాలేదు. శవమూ రాలేదు, కబురూ రాలేదు.

అప్పట్నుంచీ నేను ఎవరికీ వంగలేదు. పెళ్ళిలో మా ఆయన కాళ్ళకి కూడా దండం పెట్టలేదు, నడుం పట్టిందని చెప్పి పురోహితుణ్ణి బోల్తా కొట్టించాను.

ఇదంతా గోపీకి చెప్పాను. వెళ్ళకురా, ఆ రైలు ఎక్కితే దిగడం ఉండదు అని బతిమాలాను. వాడు నా వైపు జాలిగా చూశాడు. "అది అప్పటి ముచ్చట బామ్మా. ఇది కెనడా" అన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం గదికి తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో తోమికో గారికి ఇచ్చేద్దామనుకున్నాను, వాణ్ణి లోపలే పెట్టి. కానీ నేను కిందికి దిగేసరికే వాడు వెళ్ళిపోయాడు. బాత్రూంలో అద్దం ముందు కొబ్బరినూనె సీసా మూత తీసి ఉంది.

తోమికో గారిని నువ్వింకా చూడలేదు. ఆవిడది జపానులో ఒకినావా దీవి. మా నాన్నని జపాను సైన్యం తీసుకుపోయిందని తెలిసిన రోజు ఆవిడ నాకు క్షమాపణ చెప్పబోతే నేనే నోరు మూయించాను. ఆవిడ మాత్రం ఏం సుఖపడిందని? యుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం వాళ్ళ దీవి మీద కూర్చుని లేవనేలేదు. వీళ్ళ పొలం మీద బుల్డోజరు తోలి విమానాలు దిగే బాట వేశారు. వాళ్ళక్క ఆ బేస్‌లోనే సోల్జర్ల బట్టలు ఉతికే పనికి కుదిరింది. ఓ సాయంత్రం గేటు లోపలికి వెళ్ళింది. బయటికి రాలేదు. అడిగితే గేటు దగ్గర కాపలావాడు చూయింగ్ గమ్ నములుతూ నవ్వాడట. ఇన్నేళ్ళూ మేమిద్దరం రోజూ ఇక్కడే కూర్చుని టీ తాగుతూ మా ఇద్దరి సెంట్రీలనీ తిట్టుకునేవాళ్ళం. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివే, కానీ తిట్లలో మాత్రం మాకు అడ్డే లేదు.

ఆవిడ తలుపు కొట్టి, "పిల్లాడు వెళ్ళిపోయాడు" అన్నాను. ఆవిడ పొయ్యి ఆర్పేసింది. కోటు వేసుకుంది.

సందులోకి దిగాం. నాలుగున్నర అయిందో లేదో, చీకటి పడిపోయింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే నా చేతికర్ర చివర నాకు కనబడలేదు. రెండు పక్కలా గరాజుల తలుపులు మూసి ఉన్నాయి. ఎప్పుడూ చెత్తడబ్బాలు కెలికే ఆ మచ్చల మొహం జంతువులు, రకూన్లు, లేవు. కాకి లేదు. ఓడల అరుపు కూడా ఆగిపోయింది. తారు వాసన... దాని కింద ఇంకో వాసన. ఎండిన కొబ్బరి పొగ. నా ముక్కు ఆ వాసన మర్చిపోయి నూరేళ్ళయింది.

పట్టాల దగ్గర ఎర్రదీపం వెలుగుతోంది. దాని కింద వాడు.

టోపీ. టోపీ వెనక మెడ మీదికి వేలాడే గుడ్డతోకలు. పిక్కలకి చుట్టిన పట్టీలు. తుపాకీ చివర బాయినెట్టు. మంచు వాడి చుట్టూ తిరిగి వెళుతోంది, వాడి మీదికి వెళ్ళడం లేదు.

"ఆ టోపీ చూశావా... తోకలు..." అని గొణిగాను.

తోమికో గారి వేళ్ళు నా మోచేతిలో దిగాయి. "టోపీ కాదు" అంది. "తెల్ల హెల్మెట్టు. ఏదో నములుతున్నాడు."

ఇద్దరం ఆగిపోయాం. కనబడేది ఒక్కడే. ఆవిడకి ఆవిడ సెంట్రీ... నాకు నా సెంట్రీ.

వాడు చెయ్యి ఎత్తాడు. అరచెయ్యి తెరిచి, మెల్లగా కిందికి నొక్కాడు. వంగు.

వంగితే ఏరుకుంటాడు. వంగకపోతే దాటనివ్వడు. దాటకపోతే గోపీ పోతాడు. వాడు అలాగే చూస్తున్నాడు. చూసి... చూసి... చెయ్యి దించేశాడు. పక్కకి జరిగాడు.

ఎందుకో తెలుసా? మధుమితా, నా నడుం ఎలా ఉందో చూడు. పదేళ్ళ కిందటే వంగిపోయింది, ఇంక లేవదు. తోమికో గారిదీ అంతే. ఇద్దరం పక్కపక్కన నిలబడితే రెండు గొడుగు పిడుల్లా ఉంటాం. ఆ దొంగవెధవ దాన్ని మర్యాద అనుకున్నాడు! అరిగిపోయిన ఎముకలని వాడికేం తెలుసు? అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. తోమికో గారు నన్ను గిల్లింది.

వాణ్ణి దాటాం. పట్టాల మీద ఒక పెట్టె. ఇంజను లేదు. ముందూ వెనకా ఏమీ లేదు. సామాన్లు ఎక్కించే పలక ఒకటి దాని తలుపుకి ఆనించి ఉంది. తలుపు తెరిచే ఉంది. లోపల వెలుతురు కొట్టుకుంటోంది, తెల్లగా. రీలు తిరుగుతున్న చప్పుడు. టక టక టక టక...

"తలుపు మూస్తారు" అన్నాను. "వాళ్ళు తలుపు మూస్తారు."

"నేను పట్టుకుంటాను. నువ్వు వెళ్ళు" అంది తోమికో గారు. పలక పక్కన నిలబడి రెండు చేతులూ తలుపు అంచుకి వేసింది.

ఎక్కాను. లోపల... ఆ పెట్టె బయటి నుంచి బస్సంత ఉంది. లోపల ఎంత ఉందో నాకు తెలియదు. వరసలు. వరసల వెనక వరసలు. అందరూ నేల మీద కూర్చుని ఉన్నారు. అందరూ కుర్రాళ్ళే. పంచెలు కట్టుకున్నవాళ్ళు, హుడీలు వేసుకున్నవాళ్ళు, బ్యాగులు వీపునే ఉన్నవాళ్ళు. అందరి మెడలూ ఒకేలా ముందుకి వంగి ఉన్నాయి. తెర వైపు చూస్తున్నారు. తెర మీద ఏమీ లేదు. ఉత్త తెలుపు. దాన్నే చూస్తున్నారు.

ఎవరూ ఊపిరి తీస్తున్నట్టు లేదు.

గోపీ చివరి వరసలో ఉన్నాడు. ఎప్పుడూ వంగే ఉంటాను కదా, కొత్తగా వంగకుండానే వాడి చెవి నాకు అందింది. పట్టుకున్నాను.

"లేవరా."

"ఇంకా మొదలుకాలే బామ్మా... కూర్చోమన్నరు..." వాడి గొంతు నిద్రలో మాట్లాడుతున్నట్టుంది. చెవి మంచుగడ్డలా ఉంది.

"లే."

అప్పుడు నా పక్కన ఎవరో కదిలారు. కొబ్బరినూనె వాసన. ఒక కుర్రాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో. మా అమ్మ కుట్టిన చొక్కా. జేబుకి నీలం దారం. నాకు తెలుసు ఆ దారం, అమ్మకి సూదిలోకి ఎక్కించి ఇచ్చింది నేనే.

వాడు విసుగ్గా నా వైపు చూశాడు. నా మనవడి వయసు. మనవడి కంటే చిన్నవాడు.

"కాస్త జరుగు అవ్వా" అన్నాడు. "తెర కనబట్టం లేదు."

నాన్నా అందామనుకున్నాను. అన్నానో లేదో తెలియదు. ఒక చేతిలో కర్ర. ఒక చేతిలో గోపీ చెవి. కర్ర వదిలితే పడిపోతాను. చెవి వదిలితే...

వదల్లేదు. మా నాన్న మళ్ళీ తెర వైపు తిరిగిపోయాడు. నేను గోపీని లాగాను. నా జన్మలో అంత బరువు లాగలేదు, చెరువులోంచి దున్నని లాగినట్టు. వాడి మోకాళ్ళు నేల మీద రాసుకుంటున్నాయి. వెనక ఎవరి తలా తిరగలేదు.

తలుపు దగ్గరికి వచ్చేసరికి చీకట్లోంచి, ఆ వరసల అవతలి నుంచి, ఒక ఆడగొంతు. చాలా మెల్లగా.

"తోమీ... తోమీ..."

పలక దిగేటప్పుడు నేను కాళ్ళ వైపే చూసుకుంటున్నాను. గోపీ నా మీదే పడ్డాడు. సెంట్రీ పలక పక్కనే వచ్చి నిలబడి ఉన్నాడు. వేలితో పెట్టె లోపలికి చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. పెదవులు కదలడం లేదు. లెక్క వినబడుతోంది. ఒకచోట ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాడు.

మా వైపు తిరిగాడు.

నేను కళ్ళు మూసుకున్నాను. దడేల్మని తలుపు మూసుకున్న శబ్దం. ఇనుము మీద ఇనుము. చక్రాలు. ఎంతసేపు వినబడ్డాయో... కళ్ళు తెరిచేసరికి పట్టాలు ఖాళీ. ఎర్రదీపం ఆరిపోయింది. తోమికో గారు వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"పద" అంది.

ముగ్గురం సందులోంచి నడిచాం. నేను ఏడుస్తూ మా నాన్న సంగతి చెబుతూనే ఉన్నాను. ఆవిడ ఊ కొడుతూనే ఉంది. గేటు దగ్గర ఆగి, "లోపలికి వెళ్ళు, చలి" అంది. వెళ్ళాను. గోపీకి వేడి వేడి చారు పోసి పట్టించాను, ఒక బకెట్టు తాగాడు. మూడు దుప్పట్లు కప్పాను. పొద్దున లేచి, "సినిమా బాగుండె బామ్మా" అన్నాడు. కథ ఏమిట్రా అంటే ఏడ్చాడు.

వాడిప్పుడు ఎడ్మంటన్‌లో ఉన్నాడు. నిక్షేపంగా ఉన్నాడు. మేనేజరుకి కూడా తల వంచడం లేదట, అందుకని రెండు ఉద్యోగాలు పోయాయి. మూడోది దొరికింది. నాకు ఫోన్ చేస్తుంటాడు. పోనీలే, ఒక్కణ్ణయినా దింపాను.

ఆ రోజు పక్క మీద వాలాక నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. సందంతా ఆవిడతో మాట్లాడుతూ వచ్చాను కదా, ఆవిడా నాలాగే నడుం వంగిపోయిన మనిషి కదా. ఆవిడ మొహంలోకి చూడటానికి నేను తల పైకెత్తాను. దారి పొడుగునా, ప్రతిసారీ, పైకే.

తరవాత తోమికో గారు టీకి రాలేదు. మొన్న చలికాలమూ రాలేదు, ఈ చలికాలమూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తుతుంది. బాగున్నానంటుంది, పని ఉందంటుంది. సాయంత్రం దీపాలు వెలుగుతాయి. కిటికీ తెర వెనక ఒక నీడ నిలబడి సందు చివరి దాకా చూస్తూ ఉంటుంది. నేను గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేస్తున్నాను. ఇంత గొప్ప ధైర్యవంతురాలిని, ఆ రెండు మెట్లూ ఎక్కలేకపోతున్నాను చూడు!

అందుకే నీకు చెప్పింది. ఇదిగో, ఈ డబ్బాలో సున్నుండలున్నాయి. పట్టుకెళ్ళి ఆవిడకి ఇచ్చిరా. సందులోంచి వద్దు, వాన పడుతున్నా సరే ముందు రోడ్డు మీంచే వెళ్ళు. లోపలికి రమ్మంటే వెళ్ళకు. సార్ అనీ మేడం అనీ ఎవరి ముందూ వంగకు. తలుపు తీశాక ఆవిడతో మాట్లాడటానికి నువ్వు తల దించావో, ఎత్తావో... అదొక్కటి చూసుకుని వచ్చి నాకు చెప్పు.

లే మరి. మూత గట్టిగా నొక్కు.